సంరక్షకుల గడి

చేపల నూకాలు వారానికి రెండుసార్లు మా గుమ్మంలో తట్ట దించుతుంది. ఎనిమిదో తరగతిలో నా చేత తిన్న దెబ్బలన్నీ గుర్తుపెట్టుకుని, ముళ్ళెక్కువున్న చేపలు నాకే అంటగడుతుందని మా ఆయన వెక్కిరిస్తారు. మొన్న మంగళవారం తట్ట దించింది గానీ మీద గుడ్డ తియ్యలేదు.

"టీచరమ్మా, మన గేటు మేస్టారు పోనారంట" అంది. "అచ్చితాపురంలో కూతురి కాడున్నారు గదా. ఆళ్ళ అల్లుడు పేక్టరీలో మావోడితో సెప్పినాడంట. అప్పుడే పది రోజులైపోనాదంట. మనకెవులూ సెప్పనేదు సూడండి."

నేను లోపలికెళ్ళి చేపల గిన్నె తెచ్చాను. నూకాలు చేపలు కోస్తున్నంతసేపూ ముక్కు చీదుతూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. అచ్యుతాపురం బస్సు మా వీధి చివరే ఆగుతుంది. ఆయన అక్కడికి వెళ్ళిపోయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ బస్సు ఎక్కనిదాన్ని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఏడవను?

తొంభైల్లో ఆయనా నేనూ సముద్రం ఒడ్డున ఒకే బళ్ళో పనిచేశాం. ఆయన తెలుగు, నేను లెక్కలు. బడి పక్కనే జాలర్ల పేట. మా పిల్లల్లో ముప్పాతికమంది అక్కడివాళ్ళే. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి చేతికి రాలేవి. ఆయన పొడుగు మనిషి, కొంచెం వంగి నడిచేవారు. చొక్కా జేబులో కడిగి ఆరబెట్టిన పాలపాకెట్టు కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఎప్పుడూ ఉండేవి. ఆ కాగితం సంగతి తరవాత చెబుతాను.

ఆయనకి ఒక పిచ్చి ఉండేది. ఏ మాట ఎవరిదో చెప్పకుండా నోట్లోంచి రానిచ్చేవారు కాదు. పద్యం బోర్డు మీద రాసేముందు కవి పేరు రాసి, కింద గీత గీసి, అప్పుడు మొదలుపెట్టేవారు. పరీక్ష పేపర్లో ప్రశ్నల కోసం ఎవరి కథలోంచో నాలుగు వాక్యాలు ఇస్తే, వాటి కింద ఆ రాసినాయన పేరు ఉండి తీరాల్సిందే. "పేరు లేకపోతే ఇంకో ప్రశ్న పట్టేది కదండీ" అని హెడ్మాస్టారు విసుక్కునేవారు. "మన పరీక్ష కోసం వాళ్ళ వాక్యం అడక్కుండా వాడుకోవచ్చని చట్టమే మనకి వెసులుబాటు ఇచ్చింది. పేరు మింగెయ్యమని ఇవ్వలేదు" అనేవారు ఈయన. స్టాఫ్ రూములో జోకు చెప్పినా అంతే. అందరం నవ్వబోతుంటే చెయ్యి అడ్డుపెట్టి, "ఇది నాది కాదు, ఎలమంచిలి స్టేషన్లో టీ అమ్మేవాడిది" అనేవారు. నవ్వు కాస్తా చల్లారిపోయేది. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి, "మాస్టారూ, మీరు తుమ్మినా అది ఎవరిదో చెబుతారేమో" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "జలుబు మా ఆవిడదమ్మా" అన్నారు.

ఆ పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటూ చెప్పారు. ఉద్యోగం కొత్తలో ఎలమంచిలి దగ్గర ఒక బళ్ళో ఉండగా వార్షికోత్సవానికి ఒక నాటిక వేయించారట. ఊరంతా వచ్చిందట. నాటిక అయిపోయాక, రైల్వే గుమాస్తాలా ఉన్న ఒక బక్క మనిషి జనంలోంచి వచ్చి, "బాగా వేశారు బాబూ. రైలు ఆలస్యమైతే ఊరికే ఇలా నడిచొచ్చాను. ఇది నేను రాసినదే. ఒక్క కార్డు ముక్క రాయలేకపోయారా? పోనీ మైకులో పేరైనా చెప్పలేకపోయారా?" అని అడిగాడట. కోపంగా కాదట. అడిగేసి స్టేషనుకి వెళ్ళిపోయాడట. ఈయన నెలరోజులు వాకబు చేసి చిరునామా పట్టుకుని ఉత్తరం రాస్తే, ఆ మనిషి పోయాడని కవరు వెనక్కి వచ్చింది. వారసులెవరో తెలియలేదు.

అప్పటి నుంచి ఈయన వేస్తే ఆ మనిషి నాటికలే వేసేవారు, మైకులో ముందు పేరు చెప్పి. కానీ అనుమతి ఇచ్చేవాడు లేడు కదా. అందుకని టౌన్లో గ్రంథాలయానికి వెళ్ళి కాపీరైటు చట్టం తీయించి, ఒక పేరా ఎత్తి రాసుకుని వచ్చారు. పాలపాకెట్టు కవర్లో ఉండేది అదే. బడి కార్యక్రమంగా టీచర్లూ పిల్లలూ నాటకం వేసుకోవచ్చు, దానికి రాసినవాడి అనుమతి అక్కర్లేదు. కాకపోతే చూసేవాళ్ళు ఆ బడి సిబ్బంది, పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, సంరక్షకులు, బడి పనులతో నేరుగా సంబంధం ఉన్నవాళ్ళు మాత్రమే అయి ఉండాలి. అది ఆయనకి కంఠతా వచ్చు. అయినా ఎవరైనా అడిగితే కాగితం తీసి చూసే చదివేవారు.

అలా ఆయన గేటు మాస్టారు అయ్యారు. వార్షికోత్సవం సాయంత్రం నాలుగింటికి. మధ్యాహ్నం మూడింటి నుంచీ ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పక్కన అడ్మిషన్ల రిజిస్టరు పట్టుకుని నేను. వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే ప్రశ్న.

"ఎవరి తాలూకు?"

"అప్పన్న తాలూకండి."

"అప్పన్నకి ఏమవుతావ్?"

"పినతల్లినండి."

నేను రిజిస్టరు తిప్పి సంరక్షకుల గడిలో ఆ పేరుందో లేదో చూడాలి. ఉంటే లోపలికి. లేకపోతే లేదు.

పేటలో ఈ లెక్క కుదిరేది కాదు. తండ్రులు సముద్రం మీద చేపల వేటకి పోతారు, తల్లులు తట్టలతో ఊళ్ళో తిరుగుతారు. పిల్లలు ఎవరింట్లో అన్నం ఉంటే అక్కడ తింటారు. ఎవరు ఎవరికి పెద్దమ్మో, ఎవరికి మేనత్తో వాళ్ళకే తెలియదు. అందుకని మాస్టారే ఒక దారి కనిపెట్టారు. జూన్లో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు సంరక్షకుల గడిలో ఒక్క పేరుతో ఆపకుండా, తాతా, అమ్మమ్మా, బాబాయీ, ఇంటి పక్క ముసలమ్మా, ఆ పిల్లకి నిజంగా అన్నం పెట్టేవాళ్ళందరి పేర్లూ ఎర్ర సిరాతో రాయించేవారు. ఈ సంగతి పేటంతా పాకిపోయింది. జనవరి వస్తే చాలు, "మేస్టారూ, నా పేరూ రాసీండి, ఆ గుంటడికి నానే గదండీ తలంటుతాను" అంటూ వరస కట్టేవాళ్ళు. ఒక్కో పిల్లకి ఏడుగురు, ఎనిమిదిమంది సంరక్షకులు. వేషాలకి బట్టలు కుట్టి పంపే పాత ఊరి దర్జీ ఖాదర్ భాయ్ మాత్రం, "నేను నేరుగా సంబంధం ఉన్నోణ్ణి మాస్టర్ సాబ్" అని దర్జాగా నడిచి వచ్చేవాడు.

అన్నీ సడలించారు గానీ ఒక్కటి సడలించలేదు. నాటకం ముందురోజు దాకా ఎవరి పేరైనా రాయిస్తారు. నాటకం రోజు మాత్రం గడిలో కలం పెట్టరు. "ముందు రాస్తే అది సంరక్షణ. గేటు దగ్గర రాస్తే దొంగరాత" అనేవారు. ఎవరూ దానికి అభ్యంతరం చెప్పలేదు. పేటవాళ్ళు ఆ నియమానికి అలవాటుపడిపోయారు.

ఒక ఏడు కోర్టు నాటిక వేశారు. రెండు కుటుంబాలు ఒక వల కోసం తగవు పడతాయి. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ముసలమ్మని ప్లీడర్లు పూర్తిగా మాట్లాడనివ్వరు. ఆ ముసలమ్మ వేషం ఎనిమిదో తరగతి రత్నానిది. సన్నగా పుల్లలా ఉండేది. కర్ర పట్టుకుని నడుం వంచిందంటే హెడ్మాస్టారు కూడా నవ్వేవారు. తండ్రి దాని చిన్నప్పుడే వేటకి పోయి తిరిగి రాలేదు. తల్లి పైడమ్మ చేపలు అమ్మేది. దాని తాలూకు వాళ్ళంటూ పైడమ్మ ఒక్కతే.

నాటిక ఇంకో మూడు వారాలుందనగా రత్నానికి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించారు. మంత్రం వేయించారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. దినకర్మ అయ్యాక హెడ్మాస్టారు రిజిస్టరు తెప్పించి, రత్నం పేరు ఉన్న వరస మీద అడ్డంగా ఒక గీత గీశారు. అది ఆఫీసు పద్ధతి. వేషం నూకాలుకి ఇచ్చారు. ఆ చేపల నూకాలుకే.

వార్షికోత్సవం రోజు మూడున్నరకి గేటు దగ్గర జనం బాగా ఉన్నారు. మాస్టారు తల వంచుకుని కాగితాలు సర్దుకుంటూ, ఎదురుగా కనిపించిన కాళ్ళని చూసి అలవాటు చొప్పున, "ఎవరి తాలూకమ్మా?" అన్నారు.

"రత్నం తాలూకండి."

ఆయన తలెత్తారు. పైడమ్మ. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో రత్నం కోసం అడవిలోంచి ఏరి తెచ్చిన ముసలమ్మ కర్ర ఉంది. నూకాలుకి ఇద్దామని తెచ్చిందట.

నేను రిజిస్టరు తెరిచాను. రత్నం వరస మీద గీత. నూకాలు గడిలో ఆరు పేర్లున్నాయి, పైడమ్మది లేదు. ఆయన ఆ పేజీ చూశారు. పైడమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఆమె వెనకాల గడిలో పేరు లేనివాళ్ళు ఇరవైమంది దాకా నిలబడి, ఈమెని వదులుతారా లేదా అని చూస్తున్నారు.

"అమ్మా" అన్నారాయన. "రిజిస్టర్లో... నిన్నటి దాకా అయితే రాసేవాణ్ణి తల్లీ. ఇవాళ రాయకూడదు."

"నిన్నటి దాకా" అంది పైడమ్మ. ఇంకోసారి నా వైపు చూసింది. "సరేలెండి బాబూ" అని కర్ర గేటుకి చేరవేసి, ప్రహరీ గోడ పక్కనే ఇసకలో కూర్చుంది.

నాటిక మొదలైంది. సగం దాకా నూకాలు బాగానే చేసింది. ముసలమ్మని ప్లీడరు కసిరే చోట దానికి మాట మరుపొచ్చింది. స్టేజీ మధ్యన కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తెర వెనక మాట అందించాల్సిన హిందీ టీచరుకి పేజీ దొరకలేదు. అందరూ కదలకుండా చూస్తున్నారు. అప్పుడు గోడ అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"నా గోడు నన్ను సెప్పుకోనీండి బాబూ. తీరుపు తరవాత సెబుదురు గాని."

నెల రోజులపాటు ఇంట్లో కూతురు వల్లె వేస్తుంటే విని విని నేర్చుకున్న మాట అది. నూకాలు అందుకుంది, నాటిక సాగింది. జనం ఎవరో తెర వెనక నుంచి అందించారనుకున్నారు. మాస్టారు గేటు దగ్గర కుర్చీలోంచి లేవలేదు. నాటిక అయిపోయి అందరూ వెళ్ళాక బయటికి వచ్చి చూస్తే ఇసకలో ఎవరూ లేరు.

ఆ తరవాత కూడా ఏటా నాటికలు వేయించారు, గేటు దగ్గర కూర్చున్నారు. కానీ "ఎవరి తాలూకు" అని అడగడం మానేశారు. నన్నే అడగమనేవారు.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక రోజు శ్రీను అని మా పాత విద్యార్థి బడికి వచ్చాడు. లా చదివి ఒక వకీలు దగ్గర చేరాడు. పిల్లాడు ప్లీడరయ్యాడన్న సంబరంలో మాస్టారు జేబులోంచి కవరు తీశారు. "ఇది చూడరా. ఇన్నేళ్ళుగా ఒక్క పొరపాటు లేకుండా నడిపించాను. సరిగ్గా ఉందా?" అన్నారు. వాడు మర్నాడు పుస్తకం పట్టుకొచ్చాడు. పక్కపక్కన పెట్టి చూశాడు.

"అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు మాస్టారూ. కానీ దీనికి కాస్త కింద ఇంకోటుంది. చూళ్ళేదా?"

"ఏమిటది?"

"ఔత్సాహిక నాటక సంఘమేదైనా టికెట్టు లేకుండా వేస్తే, అదీ తప్పు కాదు. చూసేవాళ్ళు ఎవరైనా అవ్వొచ్చు. పదిమంది కలిసి బళ్ళో నాటక సంఘమని ఒకటి పెట్టుకుని ఉంటే, నాకు తెలిసినంతలో, మీరు గేటు దగ్గర కూర్చోవలసిన పనే లేదు."

మాస్టారు పుస్తకం లాక్కుని చదివారు. వాణ్ణి పైకి చదవమన్నారు. మళ్ళీ చదవమన్నారు. మూడోసారి సగంలో ఆపమన్నారు.

"గ్రంథాలయం మూసేసే వేళైందిరా ఆ రోజు" అన్నారు. "గంట కొట్టేశాడు. కావలసింది దొరికింది కదా అని లేచొచ్చేశాను. ఇంకో నాలుగు వాక్యాలు చదివి ఉంటే..." కాగితం మడిచి కవర్లో పెట్టేశారు. శ్రీను ఏం తప్పు చేశానోనని బిత్తరపోయాడు.

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళారు. పైడమ్మ అప్పటికి పేట వదిలి మార్కెట్లో ఎండుచేపలు అమ్ముకుంటోంది. నేను రానంటే, "ఒక్కణ్ణీ ఆమె ముందు నిలబడలేనమ్మా. నువ్వూ ఆ రోజు నా పక్కనే ఉన్నావు కదా" అన్నారు. వెళ్ళక తప్పలేదు.

పైడమ్మ జుట్టు ముగ్గుబుట్టైంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. బేరగాళ్ళు తోసుకుంటుంటే ఆ గలభాలోనే ఆయన చెప్పారు.

"అమ్మా, ఆ రోజు నిన్ను లోపలికి రానివ్వొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. నేను పూర్తిగా చదవలేదు. చదవకుండా నిన్ను బయట కూర్చోబెట్టాను."

పైడమ్మ ఒక బేరగాడికి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. తరవాత, "మీ తప్పేటి నేదు బాబూ" అంది. "మీకెవులూ సెప్పనేదు. సెప్పుంటే మీరు తలుపు తీసీవోరే."

అలా అంటూ చూసింది ఆయన్ని కాదు, నన్ను.

"వచ్చే ఏడు సంఘం పెడతాం. గేటు బార్లా తీస్తాం. నువ్వు రావాలి తల్లీ" అన్నారాయన.

"నానొచ్చి ఏటి సేత్తాను బాబూ. ఆ నాటకం నాకు మొత్తం వొచ్చు" అంది పైడమ్మ, చేపలు సర్దుకుంటూ.

నాటక సంఘం పెట్టారు. గేటు బార్లా తీశారు. పేట పేటంతా వచ్చింది, ఇసకలో కూడా జనమే. పైడమ్మ రాలేదు. మాస్టారు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గేటు పక్కన నిలబడి, వచ్చేవాళ్ళ మొహాలు చూస్తూనే ఉన్నారు. ఆ ఏడే ఆయన రిటైరయ్యారు.

వీడ్కోలు సభలో అందరం పొగిడాం. నేనూ నాలుగు మాటలు చెప్పాను. చివర్న ఆయన లేచి పొగడ్తలకి నమస్కారం పెట్టి, "ఈ బళ్ళో నేను చేసిన మంచి పనులన్నిట్లో ఎవరెవరి చెయ్యుందో మీకు తెలుసు. ఒక్క చెడ్డ పని మాత్రం ఎవరిదో చెప్పి వెళ్తాను. బిడ్డ పోయిన తల్లిని గేటు దగ్గర ఆపాను. అది ఎవరిదీ కాదు, నాది" అన్నారు.

ఆయనకి తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను. నాటకానికి రెండు రోజుల ముందు పైడమ్మ బడికి వచ్చింది. మాస్టారు క్లాసులో ఉన్నారు. నేను వరండాలో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకుంటున్నాను. "టీచరమ్మా, నూకాలు గడిలో నా పేరు రాయించండమ్మా. దానికి పెద్దమ్మనవుతాను. రత్నం మాటలు దాని నోటంట ఒక్కసారి ఇనాలని ఉంది" అంది. "సరే, చెబుతాలే" అన్నాను. పేపరు వెనక పేరు రాసుకున్నాను. పేపర్లు దిద్దేసి కట్ట కట్టేశాను. మరిచిపోయాను. గేటు దగ్గర ఆమెని చూడగానే గుర్తొచ్చింది. "మాస్టారూ, ఈమె ముందే అడిగింది, నేనే మరిచాను" అని ఒక్క మాట అంటే ఆయన ఆ క్షణమే తలుపు తీసి ఉండేవారు. కానీ లెక్కల టీచరు దేన్నీ మరిచిపోదని బళ్ళో పేరు నాకు. అంతమందిలో ఆ పేరు పోగొట్టుకోలేక రిజిస్టర్లోకి తల దూర్చాను. పైడమ్మ రెండుసార్లు నా వైపు చూసి, నిజం చెప్పడానికి నాకు వ్యవధి ఇచ్చింది. తరవాత ఎవరికీ చెప్పకుండా నన్ను కాపాడింది కూడా ఆవిడే.

వీడ్కోలు సభ అయ్యాక ఆయన వేదిక దిగి, దండ తీసి చేత్తో పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చారు.

"ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావమ్మా" అన్నారు. "ఆవిణ్ణి వదలమని చెబుదామనే అనుకుని ఉంటావు. నా మొండితనం తెలిసి ఊరుకున్నావు, కదూ?"

"అవునండీ" అన్నాను.